ఇంజన్ టకటకమంటోందా? విప్పించే ముందు మీరే తేల్చుకోవాల్సినవి

ఇంజన్‌లో ఏదో కొట్టుకుంటున్న శబ్దం వినిపించగానే చాలామంది కారు తీసుకెళ్లి మెకానిక్ ముందు పెట్టి, "ఏదో సౌండ్ వస్తోందన్నా, చూడు" అని తాళాలు ఇచ్చేసి వచ్చేస్తారు. ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చాలంటారు, ఇంకో షెడ్డులో టప్పెట్ (వాల్వును కదిలించే భాగం) అంటారు, మూడో చోట ఇంజన్ బోరుకొచ్చింది (లోపల సిలిండర్లు అరిగాయి), దించాల్సిందే అంటారు. వాళ్ల తప్పు కూడా పెద్దగా ఉండదు. కొండెక్కేటప్పుడు మాత్రమే వచ్చే శబ్దం షెడ్డులో నిలబెట్టిన బండిలో వాళ్లకు ఎలా వినపడుతుంది? అందుకే శబ్దం ఎప్పుడు వస్తోంది, ఏ వేగంతో కొట్టుకుంటోంది, ఏ మూల నుంచి వస్తోంది అన్న మూడూ మీరే తేల్చుకుని వెళ్లండి. పాత కారుంటే ఇది మరీ అవసరం, ఎందుకంటే ఇంజన్ ఒకసారి అనవసరంగా విప్పితే మళ్లీ కంపెనీ బిగింపు రాదు.

ఈ శబ్దాల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పెట్రోల్ మండటంలో తేడా వల్ల వచ్చేది, రెండోది ఇంజన్ లోపలి భాగాలు అరిగి, సందు పెరిగి, ఒకదానికొకటి కొట్టుకోవడం వల్ల వచ్చేది. మొదటిది చాలాసార్లు పెట్రోల్, ప్లగ్గులు, కూలెంట్, క్లీనింగ్‌తో పోతుంది. రెండోదానికి టప్పెట్ సర్దుబాటు నుంచి క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు) బయటికి తీయడం దాకా ఏదైనా కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు ఆయిల్

శబ్దం ఎలాంటిదైనా సరే, ముందు బండిని సమంగా ఉన్న చోట నిలిపి, ఇంజన్ ఆపి, ఐదు పది నిమిషాలాగి ఆయిల్ స్టిక్ తీయండి. శుభ్రంగా తుడిచి, మళ్లీ పూర్తిగా దించి, మళ్లీ తీసి చూడండి. రెండు గీతల మధ్యలో ఉండాలి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు ఒక లీటరు, కాబట్టి కింది గీత కంటే తగ్గిందంటే బాగానే తగ్గినట్టు. కారు పుస్తకంలో రాసిన గ్రేడ్ ఆయిలే కొంచెం కొంచెంగా పోసి చూసుకోండి, పై గీత దాటించొద్దు. ఎక్కువ పోస్తే క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ పైకి వెళ్లినా టప్పెట్ల దగ్గర శబ్దం వస్తుంది.

డాష్‌బోర్డులో ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలిగి, దాంతోపాటు కింది నుంచి గట్టిగా దబదబమని కొట్టుకుంటుంటే ఇక పరీక్షలేమీ చేయొద్దు. ఎక్కడున్నారో అక్కడే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి. ఇంకో రెండు కిలోమీటర్లే కదా, రేణిగుంట రోడ్డు దాకా వెళ్తే షెడ్డు ఉంది కదా అనుకుని నడిపితే, బేరింగులతో పోయేది క్రాంక్ దాకా, ఇంకా ముదిరితే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకుకు బొక్క పడేదాకా వెళ్తుంది. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గరే కదా, అక్కడ మంచి మెకానిక్ ఉన్నాడని నడుపుకుంటూ పోవడం కూడా ఇలాంటిదే. బండిని ఎక్కించుకుని పోయే టోయింగ్ బండి పిలవండి, చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ఆ సౌకర్యం ఉంటుంది.

కొండదారిలో తేలిపోయే సంగతి

మనకు తిరుపతిలో ఉన్న మంచి అవకాశం కొండ. అలిపిరి దాటి పైకి వెళ్లే దారి వేరు, దిగే దారి వేరు. ఎక్కేటప్పుడు ఇంజన్ మీద భారం, దిగేటప్పుడు దాదాపు ఏమీ ఉండదు. పెట్రోల్ మండటంలో తేడా వల్ల వచ్చే నాకింగ్ భారం మీదే వస్తుంది: నిండా జనం, డిక్కీలో సామాను, ఏసీ ఆన్, ఎగువ, గేరు పెద్దది, యాక్సిలరేటర్ సగం పైన నొక్కి ఉంది. అప్పుడు స్టీలు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు సన్నగా, చురుగ్గా గలగలమంటుంది. గేరు ఒకటి దించి ఆర్‌పీఎం పెంచగానే, లేదా యాక్సిలరేటర్ కొంచెం వదలగానే ఆగిపోతుంది. దిగేటప్పుడు అసలు వినిపించదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండుసార్లూ వినిపిస్తే, పైగా యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టినప్పుడు ఇంకా స్పష్టంగా వినిపిస్తే, అది అరిగిన భాగాల శబ్దమేనేమోనని అనుమానించాలి.

ఒక జాగ్రత్త. ఈ పరీక్ష కోసం వెనక బస్సులు వస్తుంటే వేగం తగ్గించి విన్యాసాలు చేయొద్దు, నడిపేవాళ్లు నడపాలి, పక్కన కూర్చున్నవాళ్లు వినాలి, ఫోన్‌లో రికార్డు చేయాలి. కొండకు పోయే పని లేకపోతే భాకరాపేట ఘాట్ గానీ, చిత్తూరు వైపు వాళ్లకు మొగిలి ఘాట్ గానీ సరిపోతుంది.

సీఎన్‌జీ కిట్ ఉన్న పెట్రోల్ కారైతే పని ఇంకా తేలిక. అదే ఎగువలో, అదే గేరులో పెట్రోల్ మీద ఒకసారి, సీఎన్‌జీ మీద ఒకసారి నడపండి. సీఎన్‌జీకి నాకింగ్‌ను తట్టుకునే శక్తి పెట్రోల్ కంటే చాలా ఎక్కువ. గ్యాస్ మీద శబ్దం పూర్తిగా పోయి, పెట్రోల్ మీద మళ్లీ వస్తే అది మండటంలో వచ్చిన తేడాయే. రెండింటి మీదా ఒకేలా ఉంటే లోపలి భాగాల వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్ష ఎంతోమందికి ఇంజన్ దించే ఖర్చు తప్పించగలదు, కిట్ ఉండి కూడా ఎవరూ చేయరు, అదే నాకు బాధ.

ఇంటి ముందు నిలబెట్టి చేసేవి

మూసిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు, పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. ఆరుబయట, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి మొదలుపెట్టండి. కండువా, చున్నీ, చేతికి వేలాడే గొలుసు ఏదున్నా తీసేయండి, బెల్టు దగ్గర అవి ప్రాణం మీదికి తెస్తాయి. రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆపాక కూడా ఉన్నట్టుండి తిరగొచ్చు, అది గుర్తుంచుకోండి.

నిలబడిన బండిలో శబ్దమే లేకుండా, స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రమే వస్తుంటే అది ఇంజన్ కాదు, సస్పెన్షన్. లింక్ రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో అయ్యుంటుంది. క్లచ్ తొక్కితే పోయి, వదిలితే వచ్చే శబ్దం గేర్‌బాక్స్ బేరింగ్‌ది. తొక్కినప్పుడే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగ్. ఏసీ ఆన్ చేస్తేనే వస్తే కంప్రెసర్ దగ్గర చూడాలి. గేరు వేయగానే, క్లచ్ వదలగానే ఒక్కసారి దడేలుమంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బరు పోయింది. సైలెన్సర్ మీద ఉండే పల్చటి రేకు బోల్టు వదులైనా సరే ఇంజన్ లోపల ఏదో విరిగినట్టే వినిపిస్తుంది, చల్లారాక చేత్తో తట్టి చూస్తే తెలిసిపోతుంది. ఇవన్నీ దాటాకే ఇంజన్ లోపలికి వెళ్లాలి.

ఇప్పుడు లయ వినండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఐడిలింగ్ 800 ఆర్‌పీఎం అనుకుంటే క్రాంక్‌కు సంబంధించిన శబ్దం సెకనుకు 13 సార్లు వస్తుంది, లెక్కపెట్టలేనంత వేగం. ఒక వాల్వుకు సంబంధించిన టిక్కుటిక్కు అందులో సగం, ఆరేడు సార్లు. మెల్లగా, పైనుంచి, కుట్టుమిషన్ లయలో వస్తే టప్పెట్. వేగంగా, కిందినుంచి, బరువుగా వస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగ్. ఫోన్‌లో రికార్డు చేసి నెమ్మదిగా వేసుకుని వింటే తేడా బాగా తెలుస్తుంది.

ఎక్కడినుంచో తెలియాలంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోండి, కదిలే భాగాలకు దూరంగా. మెకానిక్ స్టెతస్కోప్ అని ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది, అదైతే ఇంకా మేలు. వాల్వ్ కవర్ మీద, బ్లాక్ పక్కన, కింద ఆయిల్ చాంబర్ మీద, ఆల్టర్నేటర్ మీద, వాటర్ పంప్ మీద వరుసగా పెట్టి చూడండి. ఇంజెక్టర్లు మామూలుగానే టిక్కుటిక్కుమంటాయి, అన్నీ ఒకేలా అంటుంటే కంగారుపడక్కర్లేదు.

రాడ్ బేరింగ్ అనుమానం ఉంటే ఇంకో పరీక్ష. మామూలు పెట్రోల్ ఇంజన్‌లో, ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్‌ను ఒక్కొక్కటిగా కొన్ని సెకన్లు తీసి పెట్టాలి. ఏ సిలిండర్ ఆపినప్పుడు దబదబ తగ్గిందో ఆ సిలిండర్ రాడ్ దగ్గరే సమస్య. ఇగ్నిషన్ కాయిల్ తీయడం కంటే ఇంజెక్టర్ తీయడం మంచిది, లేకపోతే మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్, డీజిల్ ఇంజన్ల మీద మాత్రం ఇంట్లో ఇది చేయొద్దు. కామన్ రైల్ డీజిల్ పైపుల్లో ఒత్తిడి 1000 బార్ కూడా దాటుతుంది, నడుస్తున్న ఇంజన్ మీద పైపు నట్టు వదులు చేస్తే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. డీజిల్‌కు స్కానర్‌తో సిలిండర్ బ్యాలెన్స్ టెస్ట్ చేయించండి. డీజిల్ కొంత గరగరలాడటం సహజం కూడా, ఉన్నట్టుండి ఒక సిలిండర్‌లోనే గట్టిగా కొడుతుంటే ఇంజెక్టర్ అనుమానించాలి.

మండటంలో తేడా అయితే ఏం చేయాలి

స్పార్క్ ప్లగ్ నిప్పు పెట్టాక మంట సిలిండర్ అంతా సాఫీగా పాకాలి. అది చేరేలోపే చివరి మూల ఉన్న పెట్రోల్, గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటే ఆ దెబ్బ సిలిండర్ గోడల మీద మోగుతుంది. అంటే వేడి, ఒత్తిడి, భారం, తక్కువ ఆర్‌పీఎం, పెట్రోల్ నాణ్యత, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), వీటిలో ఎక్కడో సంగతి ఉంటుంది. కత్తిరి ఎండల్లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఏడుగురితో కొండెక్కే కారులో వచ్చి, చలికాలం పొద్దున్నే ఒంటరిగా నడిపితే రాని శబ్దం ఇదే.

ముందు డబ్బు ఖర్చు కాని పని. ఎగువలో నాలుగో గేరు పట్టుకుని వేలాడొద్దు. ఇంజన్ గునుస్తోందనిపించగానే మూడుకో రెండుకో దించండి, 2500 ఆర్‌పీఎం దగ్గర హాయిగా లాగనివ్వండి. మైలేజ్ పోతుందని భయపడి 1300 దగ్గర యాక్సిలరేటర్ అణిచి తొక్కేవాళ్లే ఎక్కువ. ఏఎంటీ, ఆటోమేటిక్ ఉన్నవాళ్లు ఘాట్‌లో మాన్యువల్ మోడ్‌కు మార్చి చిన్న గేరులో ఉంచండి. చిన్న టర్బో పెట్రోల్ కార్లకు ఇది మరీ ముఖ్యం. వాటిలో తక్కువ ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కితే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది, ఆ ఒక్క దెబ్బకే పిస్టన్ పగలొచ్చు. ఏపీఐ ఎస్పీ అని రాసి ఉన్న ఆయిల్ ఆ ప్రమాదాన్ని తగ్గించేలా తయారైనది, టర్బో ఉన్నవాళ్లు చవక ఆయిల్ జోలికి పోవద్దు.

తర్వాత పెట్రోల్. శబ్దం ఏదో ఒకసారి ట్యాంకు నింపాకే మొదలైతే, ఆ ట్యాంకు అయ్యాక వేరే బంకులో ఎక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తి) ఉన్న పెట్రోల్ నింపి అదే ఎగువలో నడిపి చూడండి. పోయిందంటే కారణం దొరికినట్టే సగం. అనుమానం ఉంటే బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి, అది ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. నాజిల్ కొన తుడిచి ఒక చుక్క కాగితం మీద వేస్తే, కల్తీ లేని పెట్రోల్ రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతుంది. రేటు తక్కువని పలమనేరు, కుప్పం వాళ్లు కర్ణాటక వైపు, నగరి వాళ్లు తమిళనాడు వైపు వెళ్లి నింపుకోవడం మామూలే, అందులో తప్పేం లేదు. కానీ క్యాన్లలో తెచ్చి ఇంట్లో నిల్వ పెట్టి పోసుకోవద్దు, అది ప్రమాదం, పైగా పెట్రోల్ పాతబడితే సరిగా మండదు.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్లే నాకింగ్ వస్తోందనే మాట బాగా వినిపిస్తోంది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, కాబట్టి దానంతట అది నాకింగ్ తేదు, తగ్గిస్తుంది కూడా. కాకపోతే ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు, అందువల్ల తనంతట తాను సర్దుకోలేని పాత కార్బ్యురేటర్ బండ్లలో మిశ్రమం పలచనై (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) వేడి పెరగొచ్చు. అలాంటి బండికి కార్బ్యురేటర్ ట్యూనింగ్ చేయించి, డిస్ట్రిబ్యూటర్‌తో టైమింగ్ ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పెట్టిస్తే శబ్దం తగ్గుతుంది, అయితే టైమింగ్ లైటు పెట్టే చేయించండి, చెవితో కాదు.

పెట్రోల్ బాగుంటే కూలింగ్ చూడండి. మన జిల్లాలో బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తూ వస్తే లోపల తెల్లగా పెచ్చు కట్టి వేడి బయటికి పోదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక మాత్రమే మూత తీయండి. కూలెంట్ తుప్పు రంగులో ఉంటే ఫ్లష్ చేయించి, డీమినరలైజ్డ్ నీళ్లు సగం, కూలెంట్ సగం పోయించండి. కలిపే ఉన్న కూలెంట్ కొంటే నీళ్లు అక్కర్లేదు. ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందా, రేడియేటర్ ముందు పురుగులు, దుమ్ము పేరుకున్నాయా చూడండి, హైవే మీద ఎక్కువ తిరిగే కార్లలో ఇది మామూలు.

ప్లగ్గులు తీసి చూస్తే ఇంజన్ చాలా సంగతులు చెబుతుంది. కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. తెల్లగా మాడి, పొక్కులు కట్టి ఉంటే వేడెక్కుతోంది, లేదా మిశ్రమం పలచన. నల్లటి జిడ్డు ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది, ఆ కాలిన ఆయిల్ కార్బన్‌గా పేరుకుని అది కూడా నాకింగ్‌కు దారితీస్తుంది. మార్చేటప్పుడు సరిగ్గా పుస్తకంలో ఉన్న నంబరే వేయించండి. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లటిది (వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో దీనికి సరిగ్గా తిరగబడి అంకె పెరిగితే వేడిది. ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీ ప్లగ్ అందాజుగా ఇచ్చేస్తే, మరీ వేడి ప్లగ్ కొన ఎర్రగా కాలి స్పార్క్ రాకముందే మంట అంటించేస్తుంది.

ఇవన్నీ అయ్యాక స్కానర్. ఇంజన్ కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల కోడ్‌లు చదివే, బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపే చిన్న ఓబీడీ స్కానర్ ఇంట్లో ఒకటి ఉంచుకోవడం మంచిది. పి0325, పి0327, పి0328 వంటి కోడ్‌లు నాక్ సెన్సర్‌వి, పి0171 అంటే మిశ్రమం పలచన. నాక్ సెన్సర్ శబ్దాన్ని పసిగట్టి టైమింగ్ వెనక్కి లాగమని చెప్పేది, అది పనిచేయకపోతే రక్షణ పోయినట్టే. కోడ్ వచ్చిందని వెంటనే కొత్త సెన్సర్ కొనొద్దు, ముందు వైరు ఎలుకలు కొరికిందా, కనెక్టర్‌లో నీళ్లు చేరాయా చూడండి. దాని బోల్టు కూడా కంపెనీ చెప్పినంతే బిగించాలి, మరీ బిగిస్తే సెన్సర్ తప్పుగా వింటుంది. మిశ్రమం పలచనైతే గాలి లీకయ్యే రబ్బరు పైపులు, మురికి పట్టిన మ్యాప్ సెన్సర్ (లోపలికి వచ్చే గాలి ఒత్తిడి కొలిచేది), అడ్డుపడిన ఇంజెక్టర్లు, ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) చూడాలి. కార్బన్ క్లీనింగ్ ప్యాకేజీ అని ప్రతి సర్వీసులో బిల్లులో వేస్తుంటారు, నిజంగా కార్బన్ ఉందని కెమెరా పెట్టి చూపించమనండి, చూపిస్తేనే చేయించండి.

భాగాలు అరిగితే

పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరమని ఆగిపోతే టైమింగ్ చైన్ టెన్షనర్‌కు ఆయిల్ ఒత్తిడి ఆలస్యంగా అందుతోంది. చాలాసార్లు నకిలీ ఆయిల్ ఫిల్టర్ దీనికి కారణం, లోపల ఆయిల్‌ను నిలిపి ఉంచే రబ్బరు వాల్వ్ సరిగా ఉండదు, రాత్రంతా ఆయిల్ కిందికి జారిపోతుంది. అసలైన ఫిల్టర్, సరైన గ్రేడ్ ఆయిల్ వేసి చూసి, అప్పటికీ పోకపోతే చైన్, టెన్షనర్ మార్చాలి, వాయిదా వేయొద్దు, చైన్ జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

చల్లగా ఉన్నప్పుడు డుబడుబమని, వేడెక్కాక పూర్తిగా పోయేది పిస్టన్ సిలిండర్ గోడకు తగిలే శబ్దం. ఆయిల్ తగ్గకపోతే, పొగ రాకపోతే, దీంతో ఏళ్ల తరబడి నడపొచ్చు. దీనికోసం బోర్ వర్క్ చేయించేయడం నాకు నచ్చదు.

టప్పెట్ శబ్దమైతే, మీ ఇంజన్‌లో సర్దుబాటు చేసే రకమా, హైడ్రాలిక్ రకమా కనుక్కోండి. సర్దుబాటు రకానికి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో, పుస్తకంలో ఉన్న కొలతకు పెట్టాలి. శబ్దం అసలు వినపడకూడదని సందు మరీ తగ్గించమని అడగకండి, సందు లేని వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది, కొంచెం టిక్కుటిక్కు ఉండటమే ఇంజన్‌కు మేలు. హైడ్రాలిక్ రకానికి ముందు ఆయిల్ మార్పు, తర్వాతే విప్పడం.

ఇక రాడ్ బేరింగ్. ముందు ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి, వేడెక్కిన ఇంజన్ ఐడిలింగ్‌లో 1 బార్ దరిదాపుల్లో కూడా లేకపోతే మంచిది కాదు. పాత ఫిల్టర్‌ను కోయించి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి, మెరిసే రజను కనిపిస్తే అనుమానం లేదు. అప్పుడు చాంబర్ దించి బేరింగ్ షెల్స్ చూడాలి. బేరింగ్‌కూ క్రాంక్‌కూ మధ్య సందు సాధారణంగా 0.02 నుంచి 0.06 మిల్లీమీటర్లే, కాబట్టి చేత్తో ఊపి బాగుందనే మాట నమ్మకండి, ప్లాస్టిగేజ్ అనే సందు కొలిచే ప్లాస్టిక్ దారంతోనో మైక్రోమీటర్‌తోనో కొలిపించండి. క్రాంక్ గీతలు పడి ఉంటే లేత్‌లో గ్రైండింగ్ చేసి 0.25 లేదా 0.50 అండర్‌సైజ్ బేరింగులు వేస్తారు, కొన్ని కొత్త ఇంజన్లకు కంపెనీ దీన్ని ఒప్పుకోదు, ముందే అడగాలి. క్రాంక్‌లో సన్నటి ఆయిల్ దారులన్నీ శుభ్రం చేయించండి, పాత రజను ఒక్క పలుకు మిగిలినా కొత్త బేరింగ్ పోతుంది. సాగే రకం రాడ్ బోల్టులైతే కొత్తవే వేయాలి. ఆయిల్ పంప్, పంప్ జాలీ చూడకుండా బేరింగులు మాత్రమే మార్చి బండి ఇచ్చేస్తామంటే ఒప్పుకోకండి, అసలు రోగం అక్కడే ఉండొచ్చు. ఖర్చు ఎంతో కాగితం మీద రాయించుకోండి, తీసిన పాత భాగాలు అడిగి తీసుకోండి.

20డబ్ల్యూ50 లాంటి చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుంది, నిజమే. జబ్బు తగ్గదు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు అందుకే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లి మీరే స్టార్ట్ చేయాలి, ఆపైన అరగంట నడిపి వేడెక్కాక మళ్లీ వినాలి. బండిని ముందే నడిపి వేడెక్కించి సిద్ధంగా పెట్టి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇలా చెప్పండి: "అన్నా, స్టార్టింగ్‌లో లేదు, ఐడిలింగ్‌లో లేదు, ఇంజన్ వేడెక్కాక ఎగువలో నాలుగో గేరులో వస్తోంది, మూడుకు దించితే పోతోంది, ఆయిల్ సరిగ్గానే ఉంది, రికార్డింగ్ ఇదిగో." ఇంత చెప్పాక కూడా వినకుండా, బండి నడిపి చూడకుండా, ఇంజన్ దించాలనే మాటతో మొదలుపెడితే ఇంకో షెడ్డు చూసుకోండి.

బేరింగ్ పని చేయించినవాళ్లు మొదటి 1000 కిలోమీటర్లు నిండా జనంతో ఘాట్ ఎక్కొద్దు, ఒకే వేగంతో గంటల తరబడి హైవే మీద పోవద్దు, వేగం మారుస్తూ నడపండి. 500 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌ను కూడా కోయించి చూడండి, ఆ తర్వాత ఆయిల్ స్టిక్ వారానికోసారి.